స్లింట్ వాళ్ల ‘స్పైడర్‌ల్యాండ్’ ఇప్పుడే దొరికింది, ఇన్నాళ్లూ దీని గురించి ఎవరూ ఎందుకు చెప్పలేదు?

విశాఖ_వేవ్స్:

తొంభైల నాటి రాక్ అంటే నాకు ప్రాణం. హాస్టల్లో సీనియర్ హార్డ్‌డిస్క్ నుంచి కాపీ చేసుకున్న నిర్వాణా, పెర్ల్ జామ్, స్మాషింగ్ పంప్‌కిన్స్‌తో మొదలైంది నా పిచ్చి, ఇప్పటికీ ఆఫీసుకు వెళ్తూ వస్తూ అవే. పోయిన వారం మోగ్వాయ్ ఆల్బమ్ అయిపోయాక యాప్ దానంతటదే ఇంకో పాట అందుకుంది. గిటార్ ఒకే చిన్న ముక్కని తిప్పి తిప్పి వాయిస్తోంది, ఒకతను పాడటం లేదు, పక్క గదిలో ఎవరో నిద్రపోతుంటే లేపకూడదన్నట్టు మెల్లగా ఏదో కథ చెప్తున్నాడు. ఓడ మునిగిపోయి ఒడ్డుకు చేరిన కెప్టెన్, ఒక తలుపు, లోపల ఒక పిల్లవాడు. ఏమవుతుందా అని వింటూ ఉండగా చివర్లో గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి, అప్పటిదాకా గుసగుసలాడిన మనిషి గొంతు చించుకుని అరిచాడు. నాకు ఒళ్లు జలదరించింది.

ఆ పాట పేరు ‘గుడ్ మార్నింగ్, కెప్టెన్’, బ్యాండ్ స్లింట్, ఆల్బమ్ ‘స్పైడర్‌ల్యాండ్’, 1991. మొత్తం ఆరే పాటలు, నలభై నిమిషాలు కూడా లేదు. అప్పటి నుంచి రోజూ రాత్రి ఇదే వింటున్నా. కానీ నిజం చెప్పాలంటే సగమే అర్థమవుతోంది. ‘డాన్, అమన్’లో అసలు డ్రమ్స్ ఎందుకు లేవు? మాటలు అంత లోపలికి ఎందుకు పెట్టారు, హెడ్‌ఫోన్స్‌లో కూడా చెవులు రిక్కించాల్సి వస్తోంది? ఇంత బాగున్న ఆల్బమ్‌ని వచ్చినప్పుడు ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? ఇంకోటి, సీడీ వెనకాల ‘ఈ రికార్డింగ్ ఎల్‌పీ (సూదితో తిరిగే నల్ల రికార్డు) మీద వినడానికి చేసింది’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉందని చదివాను. నా దగ్గర టర్న్‌టేబుల్ లేదు. దీని కోసం కొనడం సబబేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, పొడుగ్గా రాసినా చదువుతాను.

పాతక్యాసెట్:

బ్రో, సరైన చోటికి వచ్చావు. ఈ ఆల్బమ్ గురించి అడిగేవాళ్లు దొరికితే నాకు పండగే కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా.

వీళ్లది అమెరికాలో కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ ఊరు. న్యూయార్క్ కాదు, సియాటిల్ కాదు, అది ముందు గుర్తుపెట్టుకో. బ్రయన్ మెక్‌మాన్ గిటార్, గొంతు. డేవిడ్ పాజో గిటార్. బ్రిట్ వాల్‌ఫర్డ్ డ్రమ్స్. టాడ్ బ్రషియర్ బేస్. మెక్‌మాన్, వాల్‌ఫర్డ్ ఇద్దరూ అంతకుముందే స్క్విరెల్ బెయిట్ అనే బ్యాండ్‌లో వాయించారు, అదీ బడి వయసులో. ‘స్పైడర్‌ల్యాండ్’ నాటికి కూడా అందరూ ఇరవై ఏళ్ల అటూ ఇటూ కుర్రాళ్లే. వాల్‌ఫర్డ్ అమ్మానాన్నల ఇంటి బేస్‌మెంట్లో నెలల తరబడి అవే ముక్కలు వాయించి వాయించి, 1990 ఆగస్టులో షికాగో వెళ్లి కొద్ది రోజుల్లోనే రికార్డింగ్ ముగించేశారు. రికార్డు చేసినతను బ్రయన్ పాల్సన్. తర్వాతి రోజుల్లో అంకుల్ టుపెలో ‘ఆనొడైన్’, విల్కో మొదటి ఆల్బమ్ కూడా ఆయన చేతి మీదుగానే వచ్చాయి. ఆయన పద్ధతి ఏంటంటే బ్యాండ్ అంతా ఒకే గదిలో కలిసి వాయించాలి, తక్కువ టేకుల్లో పట్టుకోవాలి, తర్వాత పూతలు పూయకూడదు. నువ్వు వింటున్నది దాదాపు ఆ గదిలో ఉన్న గాలే.

మాటల సంగతి ఇంకా ఆశ్చర్యం. సంగీతం అంతగా సాధన చేసి పెట్టుకున్నారు కానీ సాహిత్యంలో చాలా భాగం స్టూడియోకి వెళ్లాకే పూర్తయింది. అందుకే అది పాటలా కాకుండా అప్పుడే గుర్తుకొచ్చి చెప్తున్న కథలా ఉంటుంది. కావాలనే గొంతుని గిటార్ల కింద పెట్టారు. మామూలు రాక్ రికార్డులో గొంతు ముందు నిలబడుతుంది, మిగతావి దాని వెనక. ఇక్కడ అందరూ ఒకే వరుసలో. చెవులు రిక్కించాల్సి వస్తోంది అన్నావు చూడు, అదే దాని పని. నువ్వు దగ్గరికి జరిగి వినే సమయానికి ఆ హోరు వచ్చి పడుతుంది. చివరి పాటలో ఆ అరుపు రికార్డు చేశాక మెక్‌మాన్‌కి ఒంట్లో బాగోలేకుండా పోయిందని చెబుతారు, వింటే నమ్మబుద్ధేస్తుంది.

ఇక ఎందుకు పట్టించుకోలేదు అంటావా. ఆల్బమ్ 1991 మార్చిలో షికాగో లేబుల్ టచ్ అండ్ గో నుంచి వచ్చింది. అప్పటికే బ్యాండ్ లేదు! రికార్డింగ్ అయిన కొన్ని నెలలకే మెక్‌మాన్ వదిలేశాడు, యూరప్ టూర్ అనుకున్నది పోయింది. అంటే కొత్త ఆల్బమ్‌కి కచేరీలు లేవు, టీవీలో వీడియో లేదు, అట్ట మీద నలుగురు కుర్రాళ్లు నీళ్లలో మెడ దాకా మునిగి నవ్వుతున్న నలుపు తెలుపు ఫొటో తప్ప వీళ్లెవరో చెప్పే మనిషి లేడు. అదే ఏడాది ఆగస్టులో పెర్ల్ జామ్ ‘టెన్’, సెప్టెంబరులో నిర్వాణా ‘నెవర్‌మైండ్’, నవంబరులో మై బ్లడీ వాలెంటైన్ ‘లవ్‌లెస్’. ఆ ప్రవాహంలో ఊరూ పేరూ తెలియని విడిపోయిన బ్యాండ్ ఎవరికి కనబడుతుంది?

కనిపెట్టినవాడు ఒకడున్నాడు. స్టీవ్ ఆల్బినీ. వీళ్ల మొదటి ఆల్బమ్ ‘ట్వీజ్’ రికార్డు చేసింది ఆయనే. బ్రిటన్ పత్రిక మెలొడీ మేకర్‌లో ‘స్పైడర్‌ల్యాండ్’ సమీక్ష రాస్తూ పదికి పది నక్షత్రాలిచ్చి, పదేళ్లలో ఇదొక మైలురాయి అవుతుంది, అప్పుడు దొరక్క వెతుక్కుంటారు, ఇప్పుడే కొనుక్కోండి అన్న అర్థంలో రాశాడు. స్నేహితుల గురించి రాశాడు కాబట్టి పొగిడాడని అప్పుడు ఎవరైనా అనుకుని ఉంటే తప్పు లేదు. కానీ అక్షరాలా అదే జరిగింది. 1995లో ‘కిడ్స్’ సినిమా సౌండ్‌ట్రాక్‌లో ‘గుడ్ మార్నింగ్, కెప్టెన్’ పెట్టారు, చాలామందికి స్లింట్ పేరు తెలిసింది అక్కడే. అక్కడి నుంచి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి. ఆల్బినీ 2024 మేలో పోయాడు, ఆయన మాట నిజమైన తీరు మాత్రం ఆయన కళ్లారా చూశాడు.

నీకు పంప్‌కిన్స్ ఇష్టం అన్నావు కాబట్టి ఒకటి. వాళ్ల గాయకుడు బిల్లీ కోర్గన్ తర్వాత పెట్టిన జ్వాన్ బ్యాండ్‌లో గిటార్ వాయించిన డేవిడ్ పాజో ఈ పాజోనే.

లయ_విన్యాసం:

పాతక్యాసెట్ గారు చరిత్ర అంతా చెప్పేశారు, నేను తాళం గురించి చెప్తాను. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాను, ఇప్పుడు డ్రమ్స్ వాయిస్తాను, ఈ ఆల్బమ్ నన్ను పట్టుకుంది ఆ దారిలోనే.

మీరు రెండో పాట ‘నోస్‌ఫెరాటు మ్యాన్’ వినేటప్పుడు తొడ మీద తాళం వేసి చూడండి. మామూలు రాక్ అలవాటుతో నాలుగు లెక్కపెడితే మాటలున్న భాగంలో ప్రతిసారీ ఒకటి మిగిలిపోతుంది. ఎందుకంటే అక్కడ నడుస్తున్నది అయిదు. గిటార్లు గరుగ్గా మారి హోరెత్తే చోట ఆరుకు మారుతుంది. ఖండ చాపు విని పెరిగిన మనవాళ్లకు అయిదు కొత్తేమీ కాదు, కానీ రెండింటి నడకా ఒకటి కాదు. మన తక తకిటలో రెండు, మూడుగా విరిగే ఆ ఊపు ఉంటుంది. వాల్‌ఫర్డ్ అలా విరవడు, అయిదు దెబ్బల్నీ స్నేర్ (టకటకమనే డ్రమ్) మీదా టామ్స్ (దిమ్మనే డ్రమ్స్) మీదా పరిచేస్తాడు, సింబల్ జోలికి ఎక్కువ పోడు. అందుకే పాట ఎక్కడా ఒదగదు, ఎప్పుడూ ఒక అడుగు తేడాగా నడుస్తున్నట్టు ఉంటుంది. పాట రక్తపిశాచి గురించి, ఆ నడక దానికి సరిగ్గా సరిపోయింది.

లెక్క కష్టంగా ఉండటం గొప్ప కాదు, ఆ మాట కూడా అనాలి. తర్వాత వీళ్లని చూసి ‘మ్యాథ్ రాక్’ అని చాలా బ్యాండ్లు వచ్చాయి, అందులో చాలామంది లెక్క మన చేత చేయించడానికే వాయిస్తారు. స్లింట్‌లో మీరు లెక్కపెట్టకపోయినా ఏమీ పోదు. వాల్‌ఫర్డ్ దెబ్బల మధ్య వదిలే ఖాళీ వినండి. ‘వాషర్’ దాదాపు తొమ్మిది నిమిషాల పాట, అందులో డ్రమ్స్ చేసే పని చూస్తే దాదాపు ఏమీ లేదు, కానీ ఆ ఏమీ లేకపోవడాన్ని అంత సేపు తడబడకుండా పట్టుకోవడం ఎంత కష్టమో వాయించేవాళ్లకు తెలుస్తుంది. నెమ్మది వాయించడం వేగం కన్నా కష్టం, నా విద్యార్థులకు రోజూ ఇదే చెప్తాను.

‘డాన్, అమన్’లో డ్రమ్స్ ఎందుకు లేవు అని అడిగారు. ఆ పాటలో మాట్లాడేది డ్రమ్మరే అండి, వాల్‌ఫర్డ్! డాన్ అనే అతను పార్టీలో జనం మధ్య ఇమడలేక బయటికి వచ్చేస్తాడు, తనలో తను మాట్లాడుకుంటాడు. రెండు గిటార్లు, ఒక గొంతు. తాళం అనేదే లేకపోవడంతో మధ్యలో గిటార్ వేగం అందుకున్నప్పుడు పట్టుకోవడానికి మనకు ఏమీ దొరకదు. డాన్‌కీ దొరకదు. డ్రమ్మర్ తన వాయిద్యాన్ని పక్కన పెట్టేసి ఈ పాట చేశాడంటే నాకు చాలా గౌరవం. మీకు ఇంకో సంగతి, ది బ్రీడర్స్ మొదటి ఆల్బమ్ ‘పాడ్’లో డ్రమ్స్ కూడా ఈయనవే, అట్ట మీద షానన్ డౌటన్ అనే వేరే పేరు వేసుకున్నారు. అది కూడా వినండి.

నల్లకుంట_నాయిస్:

నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమీ అనుకోవద్దు.

‘స్పైడర్‌ల్యాండ్’ గొప్ప ఆల్బమే, కాదనను. కానీ ‘ఎవరూ పట్టించుకోని ఆల్బమ్’ అని ఇంకా అంటుంటే నాకు నచ్చదు. 2005లో బ్యాండ్ మళ్లీ కలిసింది, ఇంగ్లండ్‌లో ఆల్ టుమారోస్ పార్టీస్ అనే సంగీత పండగకి బ్యాండ్లని ఎంపిక చేసింది వీళ్లే. 2007లో ఊరూరా ఈ ఆల్బమ్ మొత్తం వాయించారు. 2014లో పెద్ద బాక్స్ సెట్, దానితో పాటు లాన్స్ బ్యాంగ్స్ తీసిన డాక్యుమెంటరీ. ఇంతకన్నా పట్టించుకోవడం ఏముంటుంది? ఇప్పుడు జరుగుతున్న నష్టం ఏంటంటే, కొత్తగా వచ్చేవాళ్లు దీన్ని గుడికి వెళ్లినట్టు వింటున్నారు. రికార్డింగ్ అప్పుడు పిచ్చెక్కిపోయారనీ, శాపం తగిలిందనీ కథలు. ఆ డాక్యుమెంటరీ చూడు, అల్లరి చేసుకుంటూ బేస్‌మెంట్లో పడి వాయించుకున్న పిల్లలు వీళ్లు, తల్లిదండ్రులు పైనుంచి ఆ చప్పుడు భరించారు. ‘ట్వీజ్’లో పాటలకు పెట్టిన పేర్లన్నీ వాళ్ల అమ్మానాన్నల పేర్లు, ఒకటి కుక్క పేరు. అంత మామూలు పిల్లలు ఇలాంటిది చేశారన్నదే నాకు నచ్చే విషయం, మిగతా మర్మం నాకు అక్కర్లేదు.

ఆల్బమ్‌లో ‘ఫర్ డిన్నర్’ అనే వాయిద్యాల పాట నాకు ఎప్పుడూ అందలేదు కూడా. ‘వాషర్’కీ ‘కెప్టెన్’కీ మధ్య ఊపిరి తీసుకోవడానికి పెట్టారంటారు, నాకు మాత్రం అక్కడ ఆల్బమ్ జారుతుంది.

నిజంగా మరుగున పడినవి కావాలంటే అదే ఊరి బ్యాండ్ రోడన్, వాళ్ల ‘రస్టీ’, 1994. ఒక్కటే ఆల్బమ్ చేసి విడిపోయారు. స్లింట్ దాచిపెట్టిన కోపం వాళ్లు బయట పెట్టారు. న్యూయార్క్ బ్యాండ్ కోడీన్ వాళ్ల ‘ఫ్రిజిడ్ స్టార్స్’, నెమ్మదంటే అది. లండన్ వైపు బార్క్ సైకోసిస్ వాళ్ల ‘హెక్స్’, అదీ 1994. విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ ‘పోస్ట్ రాక్’ (రాక్ వాయిద్యాలతోనే రాక్ కాని సంగీతం) అన్న మాటను జనంలోకి తెచ్చింది ఆ ఆల్బమ్ గురించి రాస్తూనే. వీటిలో ఏది విన్నావో చెప్పు విశాఖ బ్రో, ఒక్కటీ విని ఉండవు. స్లింట్‌కి ఇప్పుడు జనం ఉన్నారు, వీళ్లకి లేరు.

పాతక్యాసెట్:

నల్లకుంట అన్నా, మర్మం అక్కర్లేదన్న మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. కానీ ‘ఫర్ డిన్నర్’ మీద మాత్రం ఒప్పుకోను. ‘వాషర్’ చివర్లో గిటార్లు పగిలిపోయాక నేరుగా ‘కెప్టెన్’ మొదలైతే ఆ చివరి అరుపుకి అంత బలం ఉండదు. ఆ అయిదు నిమిషాలూ డ్రమ్స్ అడుగున ఎక్కడో గొణుగుతూ ఉంటాయి, ఏదో జరగబోతోందని తెలుస్తుంది, కానీ జరగదు. ఆ ఎదురుచూపు కావాలి. ఇంకోటి, పట్టించుకోవడం అంటే సంగీత పత్రికలు పట్టించుకోవడం కాదు కదా. మన దగ్గర తొంభైల రాక్ అంటే టీవీలో వచ్చిందే, సీడీ షాపుకి చేరిందే. షికాగో చిన్న లేబుల్ రికార్డు హైదరాబాద్‌కో విజయవాడకో చేరే దారే లేదు అప్పుడు. ఇంటర్నెట్ వచ్చాక, అదీ ఎవరో ఒకరు చెప్తేనే. అందుకే విశాఖ బ్రో అడిగింది న్యాయమైన ప్రశ్న.

‘రస్టీ’ సిఫారసుకి మాత్రం దండం అన్నా. అది రికార్డు చేసిన బాబ్ వెస్టనే 2014లో ‘స్పైడర్‌ల్యాండ్’ని రీమాస్టర్ చేశాడు, అంటే పాత టేపుల నుంచి ధ్వనిని మళ్లీ సరిచేశాడు.

ఒహాయో_గట్టు:

లూయీవిల్‌లో ఉద్యోగం చేస్తూ ఉంటాను, అందుకే ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. ఇక్కడికి వచ్చిన మనవాళ్లని అందరూ తీసుకెళ్లేది డెర్బీ గుర్రప్పందేలకి, మహమ్మద్ అలీ మ్యూజియానికి. స్లింట్ పేరు నాకు ఇక్కడ ఎవరూ చెప్పలేదు, నేనూ నెట్‌లోనే విన్నా. అట్ట మీద ఫొటో తీసింది వాళ్ల స్నేహితుడు విల్ ఓల్డమ్, తర్వాత బానీ ప్రిన్స్ బిల్లీ పేరుతో పాటలు పాడినతను. ఆ ఫొటో తీసిన చోటు నది దాటితే ఇండియానా రాష్ట్రంలో యూటికా అనే ఊరి దగ్గర, రాళ్ల క్వారీ తవ్వి వదిలేస్తే నీళ్లు నిండింది. మన ఊళ్లలో వేసవిలో పిల్లలు క్వారీ గుంటల్లో ఈతకి పోరూ, ఇక్కడ కూడా అంతే. కాకపోతే మన దగ్గర లాగే ఇక్కడా అవి ప్రమాదం, లోతు తెలియదు. ఆ ఫొటోలో నవ్వుల కింద నల్లటి నీళ్లు చూస్తే నాకు అది గుర్తొస్తుంది.

ఇక ఎల్‌పీ ప్రశ్న. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, నా దగ్గర ఎల్‌పీ ఉంది. అది కొనమని నేను చెప్పను. ఇండియాలో మంచి టర్న్‌టేబుల్, కార్ట్రిడ్జ్ (సూది ఉండే ముక్క), ఫోనో స్టేజ్ (దాని సిగ్నల్ పెంచే పెట్టె), దానికి తగ్గ స్పీకర్లు అంటే ఖర్చు ఎక్కువ, చవక సూట్‌కేస్ ప్లేయర్ కొంటే ఇప్పుడు వింటున్న దానికన్నా అధ్వానంగా వినబడుతుంది. ఎల్‌పీలో నాకు దొరికిన అసలు తేడా ఒక్కటే: ఒక్కో వైపు మూడు పాటలు. ‘డాన్, అమన్’ అయిపోగానే సూది ఆగిపోతుంది, లేచి వెళ్లి తిప్పాలి. ఆ నిశ్శబ్దం తర్వాత ‘వాషర్’ మొదలవ్వాలి. నువ్వు ఫోన్లోనే మూడో పాట దగ్గర పాజ్ కొట్టి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టు, సగం లాభం వస్తుంది.

వాల్యూమ్ విషయం ముఖ్యం. మాటలు వినబడట్లేదని సౌండ్ పెంచావంటే మొదటి పాట ‘బ్రెడ్‌క్రంబ్ ట్రెయిల్’లో హోరు రాగానే చెవులు దెబ్బతింటాయి. అందుకే ముందు ఆ హోరు వచ్చే చోటు పెట్టి, అది నీకు గట్టిగా, కానీ హాయిగా ఉండేలా వాల్యూమ్ పెట్టుకో. తర్వాత మొదటికి వెళ్లి, మాటలు ఎంత మెల్లగా ఉన్నా ముట్టుకోకు. బేస్ బూస్ట్, ఈక్వలైజర్ ఉంటే తీసేయ్. బస్సులో, బైక్ మీద ఇది వినొద్దు, మెల్లగా ఉన్న భాగమంతా ట్రాఫిక్ మింగేస్తుంది.

విశాఖ_వేవ్స్:

అందరికీ చాలా థాంక్స్. ఇంత రాస్తారనుకోలేదు.

ఒహాయో గారూ, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి ఫ్యాన్ కూడా ఆపి విన్నా. వాల్యూమ్ చిట్కా బ్రహ్మాండం. ‘వాషర్’లో అతను నిజంగా పాడుతున్నాడని నాకు నిన్నే తెలిసింది, మిగతా పాటల్లో చెప్పడమే కదా, ఇందులో గొంతు కొంచెం వణుకుతుంది, వీడ్కోలు చెప్తున్న మనిషి గొంతు అది. ఇప్పుడు నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. లయ గారూ, ‘నోస్‌ఫెరాటు మ్యాన్’ అయిదు పట్టుకున్నా, ఆరుకి మారే చోట మాత్రం ప్రతిసారీ జారిపోతున్నా.

నల్లకుంట అన్నా, మీరన్నది నిజమే, ఆ మూడింటిలో ఒక్కటీ వినలేదు. ‘రస్టీ’ డౌన్‌లోడ్ పెట్టా. సీడీ వెనకాల ఆడగొంతు కోసం ప్రకటన లాంటిది కూడా ఉందని చదివాను, పాడాలనుకునే అమ్మాయిలు ఈ చిరునామాకి రాయండి అని, దానికి గాయని పీజే హార్వీ రాసిందంటారు, నిజమేనా?

పాతక్యాసెట్:

ప్రకటన ఉన్న మాట నిజం, లూయీవిల్ చిరునామాతో సహా ఉంది. హార్వీ ఉత్తరం రాసిందని చాలా చోట్ల రాశారు. బ్యాండే లేదు కాబట్టి ఎవరు రాసినా అందులోంచి ఏమీ రాలేదు. ‘రస్టీ’ విన్నాక వినడానికి స్లింట్ వాళ్లదే ఇంకో చిన్న రికార్డు ఉంది, 1994లో వచ్చింది, రెండే పాటలు, కానీ రికార్డు చేసింది ‘స్పైడర్‌ల్యాండ్’ కన్నా ముందు. అందులో ‘గ్లెన్’ విను. ‘ట్వీజ్’ నుంచి ‘స్పైడర్‌ల్యాండ్’కి ఎలా వచ్చారో ఆ ఒక్క పాటలో తెలుస్తుంది.

లయ_విన్యాసం:

విశాఖ గారూ, ఆరుకి మారే ముందు గిటార్‌ని నమ్మకండి, స్నేర్‌ని పట్టుకోండి. అయిదుని చేత్తో వేస్తూ ఉండండి, గిటార్ గరుగ్గా మారిన దెబ్బనే ఒకటిగా తీసుకుని మళ్లీ లెక్క మొదలుపెట్టండి. ఈసారి జారరు.